సాబో గారి బూట్ల పెట్టె

మార్చి 28, శుక్రవారం

ఆటగాళ్ళ ఫోటోలుండే ఈ ఏటి బేస్‌బాల్ కార్డులు ఇవాళే బజారులోకి వచ్చాయి. ఉదయం ట్రిప్పు ముగించి, స్కూలు బస్సు డిపోలో పెట్టి, పెద్ద స్టోరుకి వెళ్ళేసరికి తొమ్మిదింబావు. అల్మరా ఖాళీ. ధర చీటీలు మాత్రం వరసగా ఉన్నాయి, సమాధుల మీద పేర్లలాగా.

బిల్లు కొట్టే అమ్మాయిని అడిగాను. గోళ్ళు చూసుకుంటూ చెప్పింది: "తలుపు తీసిన పది నిమిషాలకే అయిపోయాయండీ. ఒకాయన తోపుడు బండి నింపుకుని పోయాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. చాలా మర్యాదస్తుడు."

మర్యాదస్తుడట! బయటికొస్తే పార్కింగులో బూడిదరంగు ట్రక్కు వెనక నిలబడి పెట్టెలు సర్దుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎర్రగడ్డం. ఒక్క ప్యాకెట్టు చింపి ఏ ఆటగాడు వచ్చాడో చూద్దామన్న ఆశ కూడా లేదు ఆ మొహంలో. ఇటుకలు సర్దుతున్నట్టు సర్దుతున్నాడు. ఇంటికి పట్టుకెళ్ళి, రెట్టింపు ధరకి ఇంటర్నెట్టులో పెడతాడు. అల్మరాలు ఊడ్చుకుపోవడమే వాడి పని. వాడికి చీపురుకట్ట అని పేరు పెట్టాను.

ఏప్రిల్ 1, మంగళవారం

డైనర్లో ఆగీతో టిఫిను. ముప్పై ఏళ్ళుగా మంగళవారం మంగళవారం అదే బల్ల. తన దగ్గర రెండేసి ఉన్న కార్డులు తను తెస్తాడు, నా దగ్గరవి నేను తెస్తాను. కార్డుకి కార్డు. డబ్బు మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

"ఎన్ని దొరికాయి?" అన్నాడు.

"ఒక్కటీ లేదు."

"ఏప్రిల్ ఒకటో తారీఖని ఆట పట్టిస్తున్నావా?"

"నా మొహం చూస్తే ఆటలా ఉందా?"

"నీ మొహం చూస్తే పళ్ళెంలో గుడ్లు మాడిపోయేలా ఉన్నాయి. తిను ముందు."

పూర్తి సెట్టు ఒకే పెట్టెలో కట్టి అమ్ముతారు కదా, అది కొనుక్కో అంటాడు. పూర్తి చేసేసిన గళ్ళనుడికట్టు ఎవరైనా కొనుక్కుంటారా? తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. ప్రతి ఏడూ ప్యాకెట్లు చింపి, నంబర్ల వరసలో పేర్చి, లేనివి మార్పిడి చేసుకుని, చేత్తో పూర్తి చేశాను. పెళ్ళయిన ఏడూ చేశాను, విడాకుల ఏడూ చేశాను. ఇది యాభయ్యోది. యాభయ్యోది ఆపితే ఎర్రగడ్డం వాడి వల్ల ఆపినట్టు అవుతుంది. అది జరగనివ్వను.

ఏప్రిల్ 3

ఖాళీ.

ఏప్రిల్ 4

ఖాళీ. నది అవతల స్టోరు కూడా ఖాళీ. అక్కడ ఒక్క పెట్టె మిగిలింది, పిల్లిబొమ్మల కార్డులు.

ఏప్రిల్ 5, శనివారం

మెర్ల్ కొట్టుకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో కార్డుల కొట్టు అంటే మెర్ల్ డ్యూబీదే. రెండు నెలలు వెళ్ళకపోతే ఇంత ఘోరం చేశాడు. గోడలకి నల్లరంగు. విడి ప్యాకెట్లు పెట్టే గాజుబల్ల మాయం. దాని చోట ఒక టేబులు, గుండ్రటి దీపం, కెమెరా. మెర్ల్ నల్ల చేతితొడుగులు వేసుకుని, శస్త్రచికిత్స చేసేవాడిలా కూర్చున్నాడు.

"ప్యాకెట్లు ఏవీ?" అన్నాను.

"విడిగా లేవు డోరీన్. పెట్టెలే. అవి కూడా చెప్పేసుకున్నారు."

"ఎవరు?"

కెమెరా వైపు చూపించాడు. "అరిజోనాలో ఒకడు, మెయిన్ రాష్ట్రంలో ఒకడు. వాళ్ళు డబ్బు కట్టి తలా ఒక జట్టు పేరు తీసుకుంటారు. నేను ఇక్కడ చింపుతాను. ఎవరి జట్టు కార్డు వస్తే వాళ్ళకి పంపిస్తాను. అంతా ప్రత్యక్ష ప్రసారం."

"చింపే సరదా కూడా నీదేనా? మరి వాళ్ళకేం మిగిలింది?"

"చూసే సరదా."

"అంటే నువ్వు కేకు తింటూ ఉంటే వాళ్ళు డబ్బిచ్చి చూస్తారన్నమాట."

"కాలం మారింది డోరీన్. నువ్వు నెలకి పది ప్యాకెట్లు కొంటావు, గంటసేపు నిలబడి నా బుర్ర తింటావు. వాళ్ళు గంటకి పది పెట్టెలు కొంటారు, నా కాఫీ కూడా తాగరు."

"నీ కాఫీ నేనెప్పుడు తాగాను? ఇరవై ఏళ్ళలో ఒక్కసారి ఇచ్చావా?"

ఇవ్వలేదని ఒప్పుకున్నాడు. ఆ మాత్రం నిజాయితీ ఉంది. తలుపు దడాలున వేసి వచ్చేశాను. ఆ చప్పుడు అరిజోనా దాకా వినపడే ఉంటుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఒంట్లో బాగాలేదని డిపోకి ఫోను చేశాను. పద్దెనిమిదేళ్ళలో మొదటి అబద్ధపు సెలవు. ఆరింటికల్లా స్టోరు ముందు లైన్లో ఉన్నాను. నా ముందు పదకొండు మంది, అందరికంటే ముందు చీపురుకట్ట, మడత కుర్చీ వేసుకుని.

నన్ను చూసి నవ్వాడు. "ఇవాళ తొందరగా వచ్చారు మేడమ్. ఇలాగే రావాలి. తొమ్మిదింటికి వస్తే ఏముంటుంది?"

"పని చేసుకునేవాళ్ళు తొమ్మిదింటికే వస్తారు."

"ఇదీ పనే మేడమ్."

మనిషికి రెండే పెట్టెలని బోర్డు పెట్టారు. వాడు వాళ్ళ అత్తగారిని తెచ్చాడు, బావమరిదిని తెచ్చాడు, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన్ని కూడా తెచ్చాడు. తలా రెండు. ఆ ముసలాయనకి తను ఏం కొంటున్నాడో కూడా తెలియదు, "ఇవి బిస్కెట్లా?" అని అడుగుతున్నాడు. నా వంతుకి రెండు దొరికాయి. మూడోది వాళ్ళ అత్తగారి బండి లోంచి తీసుకున్నాను. తీసుకున్నాను అంటే, లాగాను. ఆవిడ ఇంకో చివర పట్టుకుని వదల్లేదు. మంచి పట్టు ఉంది ఆవిడకి.

మేనేజరు వచ్చి, ఇక ఈ స్టోరుకి రావొద్దని నాతో అన్నాడు. నాతో! చీపురుకట్టతో కాదు.

ఏప్రిల్ 14

రెండు పెట్టెలూ చింపాను. సగం ఒకే ఆటగాళ్ళు. ఇంటర్నెట్టులో ఒకడి దగ్గర తెప్పించిన ప్యాకెట్లు కూడా వచ్చాయి. మంచివి ముందే ఏరుకుని, అంచులు మళ్ళీ జిగురుతో అతికించాడు. వేలితో తడిమితే తెలుస్తోంది. వాడికి ఒక ఉత్తరం రాశాను. అది ఇక్కడ ఎక్కించను, ఈ డైరీ అయినా శుభ్రంగా ఉండనీ.

అందరూ దొంగలే. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎదుటి మనిషి మొహం చూసి న్యాయంగా అమ్మేవాళ్ళు లేరు.

ఏప్రిల్ 26, శనివారం

తూర్పు టొలీడోలో పెరటి అమ్మకాలు, ఇళ్ళవాళ్ళు పాత సామాను పెరట్లో పెట్టి అమ్మేవి. ఒక ఇంట్లో బూట్ల పెట్టె నిండా పాత కార్డులు దొరికాయి. పది డాలర్లు. అడిగిన ధరే ఇచ్చాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇవాళంతా ఆ పెట్టెతోనే. 1953 సెట్టు. పన్నెండు కార్డులు తక్కువ, అంతే. అన్నీ నంబర్ల వరసలో ఉన్నాయి. నోటుపుస్తకం లోంచి చింపిన కాగితం మీద పెన్సిలుతో పట్టిక. దొరికిన ప్రతి నంబరు పక్కనా చిన్న గీత. నేను పెట్టే గీతలాంటిదే. మూత లోపలివైపు గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు: గీజా సాబో, 1953. ముట్టుకోవద్దు.

అందులో ఒక కార్డు ఉంది. ఏ ఆటగాడిదో ఇక్కడ కూడా రాయను. మూలలు ఇంకా పదునుగా ఉన్నాయి. అద్దంలో పెట్టి మ్యూజియంలో చూపించే రకం.

ఆ ఇంటావిడే అమ్ముతానని పెట్టింది. నేనేమీ బలవంతపెట్టలేదు.

మే 2, శుక్రవారం

చీపురుకట్ట ట్రక్కు ఇవాళ నది వంతెన మీద నా బస్సు ముందే పోయింది. వెనక అద్దం దాకా పెట్టెలే. ఇలాంటివాళ్ళని జైల్లో వేసే చట్టం రావాలి. విలువ తెలియనివాళ్ళ దగ్గర, చేతకానివాళ్ళ దగ్గర, ఆలస్యంగా వచ్చేవాళ్ళ దగ్గర లాక్కుని బతికేవాళ్ళు.

నేను అలా కాదు. అడిగిన ధర ఇచ్చాను.

అడిగిన ధర అంటే, ఆవిడ ధర అడగలేదు. ఎంతిస్తావంది. పది అన్నాను. సరే అంది. బేరం అంటే అంతే కదా.

మే 3, శనివారం

ఆ ఒక్క కార్డు మెర్ల్‌కి చూపించడానికి తీసుకెళ్ళాను. పెట్టె తీసుకెళ్ళలేదు. అసలుదో కాదో తేల్చి చెప్పగలవాడు ఊళ్ళో వాడొక్కడే, అందుకే.

భూతద్దం పెట్టి చూశాడు. తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ చూశాడు.

"కాఫీ తాగుతావా డోరీన్?"

ఇరవై ఏళ్ళ తర్వాత!

"ఎక్కడిది ఇది?"

"మా మావయ్యది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి జారింది.

"మావయ్య పోయాడా?"

"పోయాడు."

"కూర్చో. ఇది మనవాళ్ళు చూడాలి." కెమెరా నా వైపు తిప్పాడు. వద్దనే అన్నాను. ఒకసారి అన్నాను. గుండ్రటి దీపం మొహం మీద పడింది. కార్డు మెర్ల్ చేతిలో, ఎక్కడెక్కడివాళ్ళో పన్నెండు వందల మంది చూస్తున్నారు, తెర మీద చప్పట్ల బొమ్మలు వానలా పడుతున్నాయి. మెర్ల్ మావయ్య గురించి చెప్పమన్నాడు. చెప్పాను. వేసవి సెలవుల్లో వరండాలో కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క కార్డూ చూపిస్తూ ఆటగాళ్ళ కథలు చెప్పేవాడని. పోయే ముందు నా చేతిలో పెట్టి, నీకైతేనే దీని విలువ తెలుసు అన్నాడని. ఎవరో కన్నీళ్ళ బొమ్మ పెట్టారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

మా అమ్మకి అన్నదమ్ములు లేరు.

మే 6, మంగళవారం

పెట్టె ఆగీకి చూపించాలనిపించింది. ఆ పట్టికా, ఆ గీతలూ చూసి ముచ్చటపడగల మనిషి ఇంకొకరు లేరు. మూత ఇంట్లో వదిలేసి వెళ్ళొచ్చు. వదల్లేదు.

మొదటి పది కార్డులు చూసేదాకా చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తర్వాత మూత తిరగేశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది గీజా పెట్టె," అన్నాడు.

"నీకు తెలుసా?"

"గాజు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ఒకే కొలిమి దగ్గర పనిచేశాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే మాట్లాడేవాడు. ఎంత బతిమాలినా ఒక్కసారి కూడా చూపించలేదు నాకు. ఇంటికి నిప్పంటుకుంటే ముందు భార్య ఇలోనాని, తర్వాత ఈ పెట్టెని బయటికి తెస్తాననేవాడు." కార్డులు వెనక్కి పెట్టేశాడు, అదే వరసలో. "ఇలోనా అమ్మిందా?"

"పెరట్లో పెట్టింది."

"ఎంతిచ్చావు?"

"న్యాయమైన ధరే."

"డోరీన్. ఎంత?"

"ఆవిడకి ఎంత కావాలో అంత."

ఆగీ మూత పెట్టి, పెట్టెని రెండు వేళ్ళతో నా వైపు జరిపాడు. "ఆదివారం చర్చిలో ఇలోనా కనిపిస్తుంది. ఆవిడనే అడుగుతాను," అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. గుడ్లు సగం పళ్ళెంలోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి పళ్ళెంలో మెతుకు వదలడం చూడలేదు.

ముసలాడికి అసూయ. తనకి చూపించనిది నాకు దొరికిందని.

మే 7

అసూయే.

మే 9, శుక్రవారం

ఉదయం ట్రిప్పు తర్వాత నది అవతల స్టోరుకి వెళ్ళాను. అల్మరా మామూలే. వెనక్కి వస్తుంటే పార్కింగులో ఎవరో "మేడమ్! మేడమ్!" అని పరుగెత్తుకొస్తున్నారు. చీపురుకట్ట.

"మీరే కదా! మెర్ల్ ప్రసారంలో మావయ్య కార్డు!"

"అయితే?"

"అద్భుతం మేడమ్. మూడుసార్లు చూశాను. మా ఆవిడకి కూడా చూపించాను, ఏడ్చేసింది." గొంతు తగ్గించాడు. "నిజం చెప్పండి, ఎక్కడ పట్టారు? పెరటి అమ్మకమా? ఎవరైనా పోయిన ఇల్లా?"

"మా మావయ్యది."

"అదే, అదే." కన్ను గీటాడు. "నేనైతే తాతయ్య అంటాను. తాతయ్య అంటే జనం ఇంకా కరుగుతారు. కానీ వరండాలో కూర్చోబెట్టుకోవడం చూశారూ, అది నాకు తట్టలేదు. నేర్చుకోవాలి మీ దగ్గర."

"నేను నీలాంటిదాన్ని కాదు."

వాడికి కోపం రాలేదు. అదే చిత్రం. ట్రక్కు తలుపు తీసి ఒక పెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "తీసుకోండి. కొన్న ధరకే. మనలో మనకి లాభాలెందుకు?"

వాడి పెట్టె వాడి మొహాన కొట్టి వచ్చాను.

కాదు. తీసుకున్నాను. డబ్బిచ్చి, థాంక్స్ కూడా చెప్పాను. వంటింటి బల్ల మీద ఉంది. చింపలేదు.

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

ఇలోనా సాబోకి ఎనభై ఏళ్ళు పైనే ఉంటాయి. ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటుకి మారుతోంది. పెరట్లో బల్ల మీద దీపాలు, పళ్ళేలు, కోట్లు, ఒక మూల ఆ పెట్టె. కొనేవాళ్ళెవరూ లేరు. ఎండ బాగా ఉంది. నన్ను నీడలో కూర్చోమంది. సొంతంగా చేసిన వాల్‌నట్ రొట్టె ముక్క కోసి ఇచ్చింది. తింటూనే మూత తీశాను. మొదటి నాలుగు కార్డుల్లోనే తెలిసింది. అయిదోది ఆ కార్డు. మూత పెట్టేశాను.

ఆవిడ అడిగింది: "వీటికి ఏమైనా విలువ ఉంటుందా అమ్మాయ్? మా ఆయన వీటిని ప్రాణంలా చూసుకునేవాడు. నాకేమో వీటి సంగతి తెలియదు. నీకు తెలుసా?"

నాకు తెలుసా అని అడిగింది. ఊళ్ళో అంతమంది ఉండగా, యాభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న నన్ను అడిగింది.

"పాత కాగితం అండీ," అన్నాను. "పిల్లల సరుకు. ఇప్పుడెవరూ కొనరు. పదివ్వగలను."

ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది. డబ్బు తక్కువైందని కాదు. మా ఆయన ప్రాణం ఇంతేనా అన్నట్టు. అయినా, "పోనీలే, ముచ్చటపడే మనిషికి వెళ్తోంది," అని, ఇంకో ముక్క రొట్టె కాగితంలో చుట్టి ఇవ్వబోయింది. చుట్టొద్దు, ఇక్కడే తింటాను అన్నాను.

ఎర్రగడ్డం వాడు ఎవర్నీ నీడలో కూర్చుని మోసం చేయలేదు. వాడు తెల్లవారకముందే లేచి, బోర్డు మీద రాసిన ధర కట్టి, పట్టుకుపోతాడు. అంతే.

మే 10, శనివారం

ఆగీ అడిగిన తర్వాత వెళ్తే దొరికిపోయి వెళ్ళినట్టు. ముందే వెళ్తే నాకై నేను వెళ్ళినట్టు. ఇలాంటి లెక్కలు వేసుకుంటూనే బండి తీశాను. ఆ కార్డుని మళ్ళీ దాని చోట పెట్టాను. అయిదోది.

గుమ్మంలో సగం సర్దిన సామాను. ఆవిడ తలుపు తీసి పెట్టె వైపు చూసింది. "ఏం, నచ్చలేదా?"

"ఇది చాలా విలువైనదండీ. మీ ఇల్లు అమ్మితే వచ్చిన దాంట్లో పావు వంతు ఉంటుంది."

"ఇప్పుడు తెలిసిందా?"

"లేదండీ. ఆ రోజే తెలుసు."

చేతిలో ఉన్న టేపు చుట్ట కింద పెట్టింది. "ఆ రోజంటే ఎప్పుడు? నా రొట్టె తింటున్నప్పుడా?"

"రెండో ముక్క తినే ముందే."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలికి రమ్మని తల ఊపింది. వంటింట్లో కుర్చీలన్నీ కట్టేసి ఉన్నాయి, ఒక్కటే మిగిలింది. దాంట్లో ఆవిడ కూర్చుంది. నన్ను నిలబెట్టే ఉంచింది.

"ఏదది? చూపించు."

చూపించాను. ఎందుకు విలువో చెప్పాను. తర్వాత మిగతావి అడిగింది. ఒక్కొక్కటీ. వీడెవడు, ఎక్కడ ఆడేవాడు, ఈ గీతలేమిటి, ఈ పన్నెండు నంబర్ల పక్కన గీత ఎందుకు లేదు. గంటన్నర నిలబడి చెప్పాను. ఆ పన్నెండూ దొరక్కుండానే పోయాడని అర్థమయ్యాక పట్టిక తన వైపు తిప్పుకుంది.

"ఆదివారాలు ఈ పెట్టె తెచ్చుకుని ఈ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, 'నాలో నాకే నవ్వొస్తోంది ఇలోనా' అనేవాడు. ఏమిటని ఎప్పుడూ అడగలేదు నేను," అంది. నాతో అన్నట్టు లేదు. తర్వాత నాతోనే అంది: "ఇంకెవరికి చూపించావు దీన్ని?"

చూపించలేదని అనబోయాను. అలవాటైపోయింది. ఆపుకుని, మెర్ల్ కొట్టు, కెమెరా, పన్నెండు వందల మంది, మావయ్య, అంతా చెప్పాను.

"మీ మావయ్యా? పేరేమిటి ఆయనకి?"

"పేరు పెట్టలేదండీ."

"పేరు కూడా లేనివాడికి మా ఆయన వస్తువు ఇచ్చేశావన్నమాట."

ఆవిడ పెట్టె మూత మూసేసింది.

"అంతమంది ముందు చెప్పావు కదా. అక్కడికే వెళ్ళి, అంతమంది ముందే, ఎవరిదో చెప్పు."

"చెప్తానండీ. దీన్ని అమ్మదలిస్తే మోసం చేయని వేలం సంస్థలు రెండున్నాయి, నేను..."

"అమ్ముతానో, పొయ్యిలో వేస్తానో నీకనవసరం." పెట్టె చంకలో పెట్టుకుని లేచింది. గుమ్మం దాకా వచ్చింది. "క్షమిస్తానని మాత్రం అనుకోకు. నేను ఆ రకం ముసలిదాన్ని కాదు."

మే 13, మంగళవారం

ఆగీ రాలేదు. రెండు కాఫీలు తాగి వచ్చేశాను.

మే 17, శనివారం

మెర్ల్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "డోరీన్! ఎంతమంది అడుగుతున్నారో నీ గురించి. ఇవాళేం తెచ్చావు?"

"నోరు తెచ్చాను. కెమెరా పెట్టు."

మావయ్య కథ ఇంకొకటి చెప్తాననుకున్నాడు పాపం. దీపం వేశాడు, కాఫీ కూడా పెట్టాడు. అరిజోనావాళ్ళకీ మెయిన్‌వాళ్ళకీ నన్ను మళ్ళీ పరిచయం చేశాడు. రాసుకెళ్ళిన కాగితం బయటికి తీశాను, చదవకుండానే మళ్ళీ జేబులో పెట్టేశాను.

"నేను డోరీన్ హెస్. రెండు వారాల కిందట ఇక్కడ కూర్చుని ఒక కార్డు చూపించి, మా మావయ్యదని చెప్పాను. నాకు మావయ్య లేడు. ఎప్పుడూ లేడు. ఆ కార్డు తూర్పు టొలీడోలో ఉండే గీజా సాబో గారిది. గాజు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1953లో దాన్ని తన చేత్తో నంబరు వరసలో పెట్టుకున్నాడు. ఆయన భార్య నన్ను విలువ అడిగితే, తెలిసి కూడా, పాత కాగితమని చెప్పి పదికి కొన్నాను. ఆవిడ పెట్టిన రొట్టె తింటూ చెప్పాను. ఇప్పుడది ఆవిడ దగ్గరే ఉంది."

మెర్ల్ చెయ్యి కెమెరా మీదకి పోయింది, ఆపేద్దామని. అంతలో తెర వైపు చూశాడు. చూసేవాళ్ళ సంఖ్య గబగబా పెరుగుతోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏదో రాస్తున్నారు డోరీన్," అన్నాడు.

"చదువు."

"దొంగముసలి."

"ఇంకా."

"ఆ వరండా కథకి నేను ఏడ్చాను, నా కన్నీళ్ళు నాకిచ్చెయ్ అంటున్నాడొకడు." మెర్ల్‌కి ఉత్సాహం వచ్చేసింది. "ఇంకోడు, అసలీ రొట్టె ఎలా చేస్తారో అడుగుతున్నాడు. ఇదిగో ఇంకోటి. ఇందులో తప్పేముంది, అందరూ చేసేదే కదా, మంచి బేరం..."

"వాడి పేరేమిటి?"

చదివాడు. చీపురుకట్టో, ఇంకో చీపురుకట్టో. నాకు తెలియదు. కెమెరా మొహం లోకి చూసి వాడితో అన్నాను: "అందరూ చేసేదే. నేనూ అదే అనుకుంటూ ఊళ్ళో అందర్నీ తిట్టాను. నువ్వు కనీసం తిట్టకుండా చేస్తున్నావు."

లేచాను. మెర్ల్ వెనకాలే వచ్చి, చిన్నగా, "వచ్చే శనివారం కూడా వస్తావా? ఇంతమంది ఎప్పుడూ చూడలేదు," అన్నాడు. సిగ్గులేని మనిషి. తలుపు దడాలున వేశాను. ఈసారి అంత చప్పుడు రాలేదు.

మే 18, ఆదివారం

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోను మోగింది. ఆగీ నంబరు. ఎత్తితే గొంతు ఇలోనా సాబోది. వెనకాల చర్చి మెట్ల మీద జనం మాటలు.

"ఆగీ ఫోనులో చూశాను," అంది. "నువ్వు చెప్పింది."

"అలాగా అండీ."

"పేరు తప్పు పలికావు."

"ఏ పేరండీ?"

"మా ఆయన పేరు. గీజా ఏమిటి? మా భాషలో అలాంటి పేరే లేదు. గేజా. ఫ్యాక్టరీలో జీవితాంతం అందరూ తప్పుగానే పిలిచారు, ఈ ఆగీ కూడా. ఆయన ఎవర్నీ దిద్దేవాడు కాదు. నేను దిద్దుతాను. అను."

"గేజా."

"గొణక్కు. గే... జా."

"గేజా."

"మళ్ళీ."

వంటింట్లో నిలబడి, ఫోను రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ అన్నాను. అవతల ఆగీ కూడా మెల్లిగా అనుకుంటున్నాడు, వినిపిస్తోంది. ఆరుసార్లు అనిపించింది. ఆరోసారి అన్నాక ఇక మళ్ళీ అనమనలేదు. ఫోను పెట్టేసింది.